నొప్పులు రాకముందే కోరుట్లకు

1991లో నేను కథలాపూర్ దగ్గరి ఒక ఊళ్లో ఏఎన్ఎంగా, అంటే గర్భిణులను, పసిపిల్లలను చూసుకునే నర్సుగా పనిచేస్తున్నాను. కాన్పు ఎక్కడ, ఎవరి తోడుతో, ఏ బండిలో అన్నది ముందే అనుకోవడాన్ని ఇప్పుడు బర్త్ ప్లాన్ అంటున్నారు. అప్పట్లో మాకు ఆ పేరు తెలియదు, అవసరం మాత్రం తెలుసు. నక్సలైట్లను అన్నలనేవాళ్లం. వాళ్లు బంద్ అంటే బస్సులు ఆగిపోయేవి. రోడ్డుకు అడ్డంగా చెట్లు పడేవి. జీపు ఉన్నవాళ్లు అన్నలకూ పోలీసులకూ భయపడి తలుపు తీసేవారు కాదు.

లచ్చవ్వ కూలి కుటుంబపు కోడలు. మొదటి కాన్పు ఆపరేషన్. రెండో కాన్పు నొప్పుల్లో స్కార్, అంటే ఆ పాత కుట్టు విచ్చుకుంటే, తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం. అందుకే కాస్త ముందుగానే, ఆపరేషన్ చేసే దవాఖాన ఉన్న కోరుట్లలో ఉండాలన్నాను. అత్త రాజవ్వ ఒప్పుకోలేదు.

"అమాస ముంగట నిండు మనిషిని ఇల్లు దాటిస్తవా నర్సమ్మా? పిల్లలు లేనిదానివి, నీకేమెర్క?"

ఆ మాట నేను మరిచిపోలేదు. అయినా మర్నాడు మళ్లీ వెళ్లాను, ఆ తర్వాతా వెళ్లాను. చివరికి లచ్చవ్వే సంచి సర్దుకుంది.

"నేను సస్తే అమాస అచ్చి నా పెద్దపిల్లను సాదుతదా అత్తా?"

కోరుట్లలో మేము వెళ్లిన దవాఖానలో డాక్టరు ఆమెను చూసి అందరి ముందూ నన్ను నిలదీశాడు.

"నొప్పుల్లేవు, ఏం లేదు. ఏమమ్మా, ఇది దవాఖానా, సత్రమా?"

"రేపు బంద్ అయితే ఎవరు తీసుకొస్తరు సార్?"

"అది నువ్వు చూసుకో."

చూసుకున్నాను. లచ్చవ్వ భర్తకు చిన్నమ్మ అయిన గంగవ్వ ఆ దవాఖాన వెనక గల్లీలోనే బీడీలు చుట్టుకుంటూ బతికేది. అక్కడికే తీసుకెళ్లాను.

"తంబాకు వాసన పడ్తదా బిడ్డా?" అంది గంగవ్వ.

"పడకుంటే ముక్కు మూసుకుంట," అంది లచ్చవ్వ.

నేను ఊరికి తిరిగొచ్చాక బంద్ మొదలైంది. కోరుట్ల నుంచి కబురు లేదు. రాజవ్వ వచ్చి నా గడప మీద కూర్చుంది.

"నా కోడలి మొకం సూసే రాత గూడ లేకుంట చేసినవ్. ఏమన్నైతె నిన్ను ఊర్ల ఉండనియ్య."

ఇద్దరం రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాం.

బస్సులు తిరిగాక లచ్చవ్వ భర్త కోరుట్ల వెళ్లి చూసి వచ్చాడు. బంద్‌లోనే నొప్పులు వస్తే గంగవ్వ ఆమెను నడిపించుకుపోయిందట. ఆ డాక్టరే ఆపరేషన్ చేశాడట. కుట్టు అప్పటికే విచ్చుకోవడం మొదలైందట. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

ఊరి నుంచి తేవాల్సి వస్తే దక్కేది కాదని ఆ డాక్టరు గంగవ్వతో అన్నాడు. నాతో ఏనాడూ అనలేదు. సత్రం మాట మీద పైవాళ్లకు నేను రాసిన ఫిర్యాదుకు జవాబూ రాలేదు. రాజవ్వ మనవరాలికి గంగ అని పేరు పెట్టింది. నా పేరెందుకు పెట్టలేదని ఎవరో అడిగితే, "వద్దమ్మా, గీమె లెక్క మొండిదైతది" అందట.

ఆ తర్వాత నా సర్వీసంతా గర్భిణులను బీపీ చూడకముందే ఒక ప్రశ్న అడిగేదాన్ని: "కోరుట్లల దవాఖాన దగ్గర మీకు ఎవరున్నరు?"