మరమనిషి సుజాత, కాంతారావు, నా పాండిత్యమూ

ఒక్క పుస్తకంతో ఒక ఇంటిల్లిపాదినీ ఏడిపించి, ఒక ఓడెడు జనాన్ని నవ్వించిన ఘనత ఈ దీవుల్లో నాకు తప్ప ఇంకొకరికి దక్కలేదు. పైగా ఆ పుస్తకం నేను రాసింది కాదు, చదివింది మాత్రమే. చదవడంలో కూడా ఇంత ప్రమాదం ఉంటుందని అప్పటికి ఎవరికీ తెలియదు. నా పుణ్యమా అని తెలిసింది.

సునామీ వచ్చి వెళ్ళి కొన్ని నెలలైంది. నాకు ఇరవై రెండేళ్ళు. ప్రోతరాపూర్‌లో మా నాన్న కిరాణా కొట్టు. పదో తరగతి దగ్గర బడికీ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. బడి నన్ను వదిలేసింది కానీ నేను చదువును వదల్లేదు. రోజూ బస్సెక్కి గ్రంథాలయానికి వెళ్ళి కోళ్ళ పెంపకం నుంచి కృష్ణబిలాల దాకా దొరికినవన్నీ చదివేశాను. అప్పట్లో నాకు తెలియనివి రెండే విషయాలు. ఒకటి, నాకు తెలియనివి కూడా ఉంటాయన్న సంగతి. రెండోది ఏమిటో ఇప్పటికీ తెలియదు.

ఇంత విద్వాంసుణ్ణి ఊరు ఊరికే వదులుతుందా? మా తెలుగువాళ్ళ సంఘం పఠన మందిరానికి నన్ను గౌరవ గ్రంథపాలకుణ్ణి చేసింది. పఠన మందిరమంటే మరేదో ఊహించుకోకండి. సంఘం గదిలో ఒక బీరువా, ఒక బల్ల, నేను. ఆ రోజుల్లో మెయిన్‌లాండ్ నుంచి సహాయంగా పెట్టెలకు పెట్టెలు వచ్చేవి. చెమటతో తడిసి ముద్దవుతున్న మాకు ఉన్ని స్వెట్టర్లు పంపిన పుణ్యాత్ములున్నారు. అలాంటి పెట్టెల్లో ఒకదాంట్లో పుస్తకాలు వచ్చాయి. నేనే మైదాపిండి ఉడకబెట్టి జిగురు కాచి, ప్రతి పుస్తకానికీ అట్ట తెరవగానే వచ్చే మొదటి పేజీ అంతా కప్పేలా, తిరిగివ్వాల్సిన తేదీల చీటీ అంటించాను. ఆ పేజీలో ఏముందో చూడలేదు. మొదటి పేజీల్లో అచ్చువేసినవాళ్ళ చిరునామా తప్ప ఏముంటుంది?

ఇక్కడ మా అక్క కూతురు రోజా గురించి చెప్పాలి. అక్కా బావా దూరంగా ఇంకో దీవిలో, హట్ బేలో, కొట్టు నడిపేవారు. ఆ ఉదయం అల కొట్టును తీసుకుపోయింది, మనుషులు కొండెక్కి బతికారు. తర్వాత బావకు బాంబూఫ్లాట్‌లో పని దొరికింది, ఇల్లూ దొరికింది. తొమ్మిదేళ్ళ రోజా మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. ఎందుకంటే బాంబూఫ్లాట్ వెళ్ళాలంటే చాతం దగ్గర ఫెర్రీ ఎక్కాలి. పట్టుమని పావుగంట ప్రయాణం కూడా కాదు. మూడుసార్లు జెట్టీ దాకా తీసుకెళ్ళారు, మూడుసార్లూ రెయిలింగు పట్టుకుని కేకలు పెట్టింది. బస్సులో చుట్టూ తిరిగి వెళ్దామంటే, "ఆ ఇల్లు నీళ్ళ పక్కనే కదా, నేను రాను" అంది. తల్లి అటు, పిల్ల ఇటు. అక్క వారానికి రెండుసార్లు వచ్చి, పిల్లకు జడలు వేసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయేది. ఇంకో రెండు వారాల్లో అక్కడి బడి తెరుస్తారనగా అమ్మ ఆశ వదిలేసింది.

"నేను ఎక్కిస్తాను" అన్నాను.

"ఎలాగరా?"

"సైన్సుతో."

అమ్మ నావైపు చూసిన చూపును అప్పుడు గౌరవం అనుకున్నాను.

నా ధైర్యానికి కారణం ఆ పెట్టెలో దొరికిన ఇంగ్లీషు పుస్తకం. జపాను బొమ్మల కథ. అబ్బాయి, మరమనిషి పిల్ల. తెరవగానే మొదటి బొమ్మలోనే ఆ పిల్ల సముద్రంలో నుంచి పైకి వస్తోంది! ఇది మా రోజా కోసమే జపానులో ఎవరో కూర్చుని గీసినట్టుంది. పై అట్ట మీద మాత్రం బొమ్మ లేదు, ధర, బార్‌కోడ్ చారలు ఉన్నాయి. రంగుల బొమ్మ వెనకట్ట మీద వేశారు. జపానువాళ్ళు ఎంత వినయవంతులు అని మెచ్చుకున్నాను.

సాయంత్రాలు మా అరుగు మీద కథ మొదలైంది. మరమనిషి పేరు సుజు, అబ్బాయి పేరు కెంటా. అందరికీ నోరు తిరగాలని సుజాత, కాంతారావు అని మార్చాను. శ్రోతలు ముగ్గురు. రోజా, అమ్మ, పక్కింటి సింహాచలం మావయ్య. మావయ్య చాతం రంపపు మిల్లులో జీవితమంతా దుంగలు కోసి రిటైరయ్యాడు. ఆయన ఏ కథనైనా దుంగను చూసినట్టే చూస్తాడు, పుచ్చు ఎక్కడుందా అని.

"సముద్రం మధ్యలో పడవ. పడవలో కాంతారావు ఏడుస్తున్నాడు. నీళ్ళలో నుంచి సుజాత పైకి వచ్చి పడవ ఎక్కింది" అని మొదలుపెట్టాను.

"నీళ్ళు దాన్ని ఏమీ చెయ్యలేదా మామా?" రోజా కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏమీ చెయ్యలేదు."

"మరి పైకి వస్తుంటే వాడికి ఏడుపెందుకు?"

"అవి ఆనందబాష్పాలు."

సింహాచలం మావయ్య చుట్ట పక్కన పెట్టాడు. "బాష్పాలకేటి గాని, పడవెక్కినాక ఆడు 'ఎల్లొద్దు, ఎల్లొద్దు' అని అరవడమేటి? వచ్చీసింది కదా?"

"మళ్ళీ వెళ్తుందేమోనని, మావయ్యా. ముందుజాగ్రత్త."

"దుంగకి మొదలేదో కొసేదో సూడకుండా రంపం ఎట్టకూడదురా."

"ఇది దుంగ కాదు మావయ్యా, సాహిత్యం."

ఇలాంటి జవాబులు ఆ రోజుల్లో నా నోట్లో సిద్ధంగా ఉండేవి. తీసి ఇవ్వడమే ఆలస్యం, కొట్లో శనగపప్పు పొట్లాల్లాగా.

రెండోరోజు సుజాతకు తెగిపోయిన చెయ్యి దానంతట అదే అతుక్కుంది. నాలుగోరోజు వరదలో ఉన్న ఊరు ఆరిపోయి, పగిలిన గోడలు బాగుపడ్డాయి. రోజా చప్పట్లు కొట్టింది. సంభాషణల్లో చిన్న చిత్రం ఉండేది. సుజాత ముందు "నాకు ఆకలి ఉండదు" అని జవాబు చెప్పేది, ఆ తర్వాత కాంతారావు "అన్నం తింటావా?" అని అడిగేవాడు. భవిష్యత్తులో యంత్రాలు ప్రశ్నకు ముందే జవాబు చెబుతాయని వివరించాను. అమ్మ కూడా నమ్మింది. నాన్నతో కాపురంలో ఆవిడకు అది కొత్తేమీ కాదట.

ఆరోరోజు రోజా వేలు పెట్టి చూపించింది. "మామా, పేజీ నంబర్లు ఉల్టా ఉన్నాయి. నూట నలభై తర్వాత నూట ముప్ఫై తొమ్మిది."

"రాకెట్ వదిలేటప్పుడు పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్కపెడతారా లేదా?"

"పెడతారు."

"ఇది సైన్సు పుస్తకం. అందుకని."

ఇది వింటున్న మీకు నా మీద జాలి కలుగుతూ ఉండాలి. నాకు మాత్రం గర్వం కలిగింది.

ఎనిమిదోరోజుకు కొత్త సమస్య. కథ మొదట్లో మీసం మొలుస్తున్న కాంతారావు ఇప్పుడు రోజా అంత అయ్యాడు. పై పన్ను కూడా ఊడింది.

"పొట్టోడైపోతన్నాడేటిరా ఈడు?" మావయ్య పట్టేశాడు.

"కాంతి వేగంతో ప్రయాణిస్తే వయసు తగ్గుతుంది మావయ్యా. పెద్ద శాస్త్రవేత్తలు చెప్పారు."

"ఎక్కడికెల్నాడు? కూకుని అన్నం తింటన్నాడు కదా!"

"వేగంగా తింటున్నాడు."

ఎన్ని వంకలున్నా ఫలితం వంక చూడండి. నీళ్ళలోంచి నడిచివచ్చిన ఆ ఇనుప పిల్ల రోజాకు ప్రాణమైపోయింది. పదోరోజు నాతో బస్సెక్కి చాతం వచ్చింది. గేటు దగ్గర నిలబడి, నా చొక్కా వదలకుండానే, ఫెర్రీ రావడం పోవడం రెండుసార్లు చూసింది. అరవలేదు. నేను అక్కకు ఫోన్ చేసి ప్రకటించాను. "ఆదివారం పొద్దున్న తీసుకొస్తున్నాను. జెట్టీ దగ్గరుండు."

"నిజంగానేరా?" అంది అక్క.

"అక్కా, నువ్వు మాట్లాడుతున్నది ఎవరితో?"

శనివారం సాయంత్రం చివరి పేజీలు. ఇక్కడే నా నావకు గండి పడింది. సుజాతా కాంతారావూ ముందు పోట్లాడుకున్నారు. ఆ తర్వాత ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. ఆ తర్వాత కాంతారావు, "ఎవరు నువ్వు?" అన్నాడు. నా గొంతు నెమ్మదించింది. పేజీ తిప్పాను. సుజాత పాత ఇనుప సామాను గుట్టలో కళ్ళు మూసుకుని పడుంది. ఇంకో పేజీ తిప్పాను. కాంతారావు బడి సంచీ తగిలించుకుని, ఈల వేసుకుంటూ, గుట్ట పక్కనుంచి వెళ్ళిపోతున్నాడు. అంతే. అట్ట వచ్చేసింది.

"అయిపోయిందా?" అంది రోజా.

"అయిపోయింది."

"సుజాతని చెత్తలో పడేశాడా?"

నా దగ్గర పొట్లం లేదు.

"సముద్రంలోంచి వచ్చినా చెత్తలోనే పడేస్తారన్నమాట" అంది. "నేను రేపు రాను. అసలు ఎప్పటికీ రాను."

అమ్మ లేచింది. "పిల్లని ఓడెక్కించరా అంటే చెత్తగుట్ట ఎక్కించావు కదరా! అక్కడ మీ అక్క రేపటికని చేపలపులుసు వండుకుంటానందిరా!" అని కళ్ళొత్తుకుంది.

రోజా పుస్తకాన్ని విసిరింది. వానలు మొదలై గోడలే చెమర్చే కాలం, మైదా జిగురు ఎంత? నేను అంటించిన చీటీ ఊడి పక్కన పడింది. దాని కింద ఒక బొమ్మ. సుజాత అరచెయ్యి అడ్డంగా చాపి నిలబడి ఉంది. పైన పెద్ద అక్షరాలు. రోజా ఏడుస్తూనే కూడబలుక్కుంది. "ఎస్, టీ, ఓ, పీ… స్టాప్. మామా, కింద ఏముంది?"

నోరు నా అనుమతి లేకుండానే అనువాదం చేసేసింది. "ఆగండి. మీరు పుస్తకాన్ని తప్పు వైపు నుంచి తెరిచారు. జపాను కథలు కుడి నుంచి ఎడమకు చదవాలి. దయచేసి అటు తిప్పండి."

భూకంపం మళ్ళీ వస్తే బాగుండుననిపించిన ఏకైక ద్వీపవాసిని నేను.

కానీ విద్వాంసుడు అంత తేలిగ్గా ఓడిపోడు. "ఆగండాగండి! అయితే కథ అటు నుంచి. అంటే కాంతారావు సుజాతను చెత్తలో పడెయ్యలేదు, చెత్తలో చూశాడు! ఇంటికి తెచ్చి బాగుచేశాడు! స్నేహితులయ్యారు! ఊరికి వరద వస్తే ఇద్దరూ కలిసి ఊరిని కాపాడారు! చివరికి…"

"సివరికేటి? సెప్పవేటి?" సింహాచలం మావయ్యకు దయాదాక్షిణ్యాలు లేవు. "సివరికి ఆ పిల్ల సముద్రంలోకి దూకీసింది. ఆడివి బాష్పాలు కావు, ఏడుపే."

ముందు సముద్రం, వెనక చెత్తగుట్ట. ఎటు నుంచి చదివినా పిల్లను ఓడెక్కించే దారి లేదు. రోజా ఈసారి ఎంత గట్టిగా ఏడుస్తుందోనని తల వంచుకుని కూర్చున్నాను.

"అంటే…" అంది రోజా నెమ్మదిగా. "కాంతారావు పొట్టివాడు అవ్వలేదా?"

"అవ్వలేదు."

"పెద్దవాడయ్యాడా?"

"అందరిలాగే."

"మరి కాంతి వేగం?"

"లేదు."

"రాకెట్ నంబర్లు?"

"లేదమ్మా."

"వేగంగా తింటున్నాడు అన్నావు!"

"మామూలుగానే తింటున్నాడు."

ముందు ముక్కులోంచి ఏదో చప్పుడు వచ్చింది. తర్వాత రోజా పొట్ట పట్టుకుని అరుగు మీద దొర్లింది. హట్ బే నుంచి వచ్చాక ఆ పిల్ల అలా నవ్వడం మేమెవరం చూడలేదు. అమ్మ కళ్ళు తుడుచుకోవడం మర్చిపోయింది. మావయ్య చుట్ట ఆరిపోయింది.

"మా అమ్మకి చెప్పాలి!" అంది ఊపిరి అందక.

"బుధవారం వస్తుంది కదా, చెబుదువుగాని."

"బుధవారమా? ఈలోగా నువ్వు ఫోన్ చేసి నీకు కావలసినట్టు చెప్పేస్తావు! రేపే వెళ్ళాలి."

"రేపంటే… ఫెర్రీ ఎక్కాలి."

రోజా నా చొక్కా అంచు పట్టుకుంది. "నువ్వు నా పక్కనే కూర్చోవాలి" అంది.

ఆదివారం పొద్దున్న చాతం జెట్టీ. ఫెర్రీ మెల్లగా పైకీ కిందికీ ఊగుతోంది. ఎక్కే పలక దగ్గర రోజా కాళ్ళు ఆగిపోయాయి. నా వేళ్ళు నలిగిపోతున్నాయి.

"క్యా హువా భయ్యా? బచ్చీ డర్ గయీ?" అన్నాడు తాడు పట్టుకున్న ఖలాసీ, పిల్ల భయపడిందా అని. వెనక చేపలబుట్టలవాళ్ళు తొందర పెడుతున్నారు.

"మామా" అంది రోజా, నీళ్ళనే చూస్తూ. "కాంతి వేగం మాట ఇంకోసారి చెప్పు."

చుట్టూ యాభైమంది ఉన్నారు. వాళ్ళలో సగంమంది నన్ను పండితుడని ఎరుగుదురు. గొంతు సవరించుకుని గట్టిగా అన్నాను. "కాంతారావు వేగంగా అన్నం తినడం వల్ల పొట్టివాడైపోయాడు."

రోజా పకపకా నవ్వి, ఆ నవ్వులోనే ఒక అడుగు వేసింది. పలక మీదకు. ఇంకో తప్పు ఒప్పుకున్నాను. ఫెర్రీలోకి. ఇంజను మొదలయ్యాక ప్రతి కుదుపుకూ నా మొహం వైపు చూసేది, నేను ఒక అజ్ఞానం సమర్పించుకునేవాణ్ణి. రాకెట్ లెక్క, ఆనందబాష్పాలు, జపానువాళ్ళ వినయం. ఉన్నవి అయిపోతే కొత్తవి కల్పించాను. సగం దూరం వెళ్ళేసరికి చేపలావిడ తన పక్కావిడకు హిందీలో, ఆవిడ ఇంకొకరికి బెంగాలీలో నా చరిత్ర అనువదిస్తున్నారు. ఇన్ని భాషల్లోకి అనువాదమైన తెలుగు పాఠకుడు అంతకుముందు లేడు.

బాంబూఫ్లాట్ జెట్టీ మీద అక్క నిలబడి ఉంది. పడవ ఆగీ ఆగకముందే రోజా ఉరికింది. ఆర్నెల్లుగా అందరం ఎదురుచూసిన క్షణం కదా, నేను కూడా కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు తీశాను. రోజా తల్లిని వాటేసుకోకముందే అరిచింది.

"అమ్మా! మామకి పుస్తకం చదవడం రాదు!"

ఓడంతా చప్పట్లు కొట్టింది. అక్క ఏడుస్తూ నవ్విందో, నవ్వుతూ ఏడ్చిందో నాకు తెలియలేదు. తెలుసుకోవడానికి నేను కళ్ళెత్తలేదు.

కనుక సప్తసముద్రాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పుస్తకం చేతికి వచ్చినా, ముందు రెండు అట్టలకూ నమస్కరించి, "అయ్యా, లోపలికి ఎటు నుంచి రమ్మంటారు?" అని అడిగి, జవాబు వచ్చాకే అడుగు పెడతాను. ఈ నియమం పంచాంగానికీ, రేషన్ కార్డుకూ, పెళ్ళి శుభలేఖలకూ వర్తిస్తుంది. నా సొంత శుభలేఖను మాత్రం రోజాతో ముందు చదివించాకే అచ్చుకు పంపాను.