కుడికాలితో కదిలిన బ్యాండు

కువైట్‌లో రిగ్గై అనే పేటలో మా టైలరింగ్ షాపు షట్టరు పైకి లేపేటప్పుడు గర్ర్‌ర్ మని చప్పుడొస్తుంది. అందరికీ అది షట్టరే. నాకు మాత్రం సైడ్ డ్రమ్ము మీద పుల్లలు పరిగెత్తినట్టు ఉంటుంది. వేళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి. నాతో పనిచేసే అమ్మాయి చూసి నవ్వుతుంది. ఒకప్పుడు ఇరవై ఇద్దరు పిల్లల ముందు డ్రమ్ము తగిలించుకుని నడిచానంటే నమ్మదు. అలా నడిపించిన వీరబాబు అంకుల్‌ని మీరూ చూసి ఉండరు. పొట్టి మనిషి, పెద్ద మీసం, ఎప్పుడూ ఇస్త్రీ మడత చెదరని చొక్కా. మా స్కూలు బస్సు డ్రైవరు ఆయన. కోనసీమ మనిషి. కువైట్ రాకముందు పెళ్ళిళ్ళకి బ్యాండు మేళంలో డ్రమ్ము వాయించేవాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బ్యాండు మాస్టారు సెలవుకి ఊరెళ్ళి మళ్ళీ రాలేదు. మేమే ఏదో దడదడ బాదుకుంటుంటే, బస్సు దగ్గర నిలబడ్డ అంకుల్ చెవులు మూసుకున్నాడు. కాసేపు ఓర్చుకుని ఇక తట్టుకోలేక వచ్చి నా చేతిలో పుల్లలు లాక్కున్నాడు. "ఏంటమ్మడూ, డ్రమ్ము నీకేం అన్యాయం చేసిందని అలా కొడతన్నావ్?" అని రెండు నిమిషాలు వాయించాడు. మెట్ల మీద పిల్లలంతా ఆగిపోయారు. ప్రిన్సిపాల్ మేడం పైనుంచి తొంగి చూసింది. అలా బస్సు డ్యూటీ అయ్యాక మాకు నేర్పే పని ఆయనకి వచ్చింది. చదువులో నేను వెనక బెంచీ. మార్కుల కాగితం నాన్నకి చూపించకుండా పుస్తకాల అడుగున దాచేదాన్ని. డ్రమ్ము దగ్గర మాత్రం అంకుల్ నన్ను ముందు నిలబెట్టాడు. ఎవరైనా నన్ను ముందు నిలబెట్టడం అదే మొదలు.

ఆయన నేర్పిన వరసలో బ్యాండు కుడికాలితో కదిలేది. ఒకరోజు నేను అడిగాను కూడా. "అంకుల్, పీటీలో ఎడమకాలు కదా ముందు?" ఆయన నన్ను జాలిగా చూశాడు. "అది పీటీ అమ్మడూ, ఇది మేళం. పెళ్ళికూతుర్ని తీసుకెళ్తా ఎడంకాలు ముందెడతారా ఎవరైనా? ఆళ్ళమ్మ చీపురుచ్చుకుంటది." అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. తప్పేమో అన్న అనుమానం లోపల ఉంది. కానీ ముందు నిలబెట్టిన మనిషితో వాదించే ధైర్యం లేకపోయింది. మూడు నెలలు కుడికాలితోనే నడిచాం.

స్కూళ్ళ బ్యాండు పోటీకి ఇంకా ఐదు రోజులుందనగా కొత్త పీటీ సార్ మా నడక చూడ్డానికి వచ్చాడు. మొదటి అడుగుకే విజిల్ ఊదాడు. "యే క్యా హై? రైట్ ఫుట్? జడ్జీలు మొదటి అడుగుకే మార్కులు కోసేస్తారు!" ప్రిన్సిపాల్ మేడం కూడా వచ్చింది. పోటీలో పరువు పోతే ఇక బ్యాండు ఖలాస్, డ్రమ్ములు స్టోర్ రూములోకే అని తేల్చి చెప్పింది. పిల్లలకి సరిగా అర్థం కాలేదని అంకుల్ ఒక్క మాట అంటే అయిపోయేది, మమ్మల్ని ఎవరు అడుగుతారు? ఆయన చేతులు కట్టుకుని తనకొచ్చిన హిందీలో అన్నాడు, "గల్తీ మేరా హై మేడమ్. బచ్చా లోగ్ కా నై." స్కూల్లో ఒక పెద్దమనిషి పిల్లల ముందు తప్పు తనదేనని ఒప్పుకోవడం నేను అంతవరకూ చూడలేదు.

ఎడమకాలికి మార్చబోతే ఇంకా నాశనమైంది. సగం మంది ఎడమ, సగం మంది కుడి. పెద్ద డ్రమ్ము పిల్లాడు వెళ్ళి తాళాలు కొట్టే పిల్ల వీపుకి గుద్దుకున్నాడు. మర్నాడు అంకుల్ బస్సు దిగుతూనే చప్పట్లు కొట్టాడు. "కుడికాలు మానద్దు. ముందు ఒక్క దెబ్బ. దానికి ఉన్నచోటే కుడికాలు నేలకేసి కొట్టండి. శుభం అయిపోయింది. తర్వాత ఎడంకాలితో కదలండి. రూలూ అయిపోయింది. యల్లా, పదండి!" పీటీ సార్ రెండుసార్లు నడిపించి చూసి తల ఊపాడు. ఆ ఒక్క దెబ్బ కొట్టాల్సింది నేను. అది ఆలస్యమైతే అందరి కాళ్ళూ తప్పుతాయి.

పోటీ వేరే స్కూలు గ్రౌండులో. దుమ్ము గాలి. మా ముందు నడిచిన బ్యాండు గీత గీసినట్టు నడిచింది. ఉండబట్టలేక అంకుల్ దగ్గరికి పరిగెత్తాను.

"అంకుల్, ఎడమకాలని నాకు ముందే అనుమానం. గట్టిగా చెప్పలేదు. తప్పు నాది కూడా."

"అడిగావుగా! ఇననిది నేను." నా టోపీ సరిచేశాడు. "నా తప్పులో నీకు వాటా ఏంటి? ఎల్లి నీ దెబ్బ నువ్వు కొట్టు."

ఐదు రోజులుగా గుండె మీద ఉన్న రాయి ఎవరో తీసి పక్కన పెట్టినట్టయింది. వెళ్ళి నిలబడ్డాను. కొట్టాను. వెనకాల కుడికాళ్ళన్నీ ఒక్కసారే నేల తాకిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఎడమకాళ్ళు. ఒక్కటి కూడా తప్పలేదు. నేను నడుస్తూ ఏడ్చేశాను, ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

నాలుగో స్థానం వచ్చింది. కప్పు లేదు. కానీ "బ్యాండు ఉంటుంది" అని మేడం అంది. అంకుల్ బస్సు మెట్టు మీద కూలబడి నీళ్ళ సీసా గటగటా ఖాళీ చేశాడు. "హమ్మయ్య, పిల్లనప్పగించేశాం" అన్నాడు. రెండేళ్ళ తర్వాత ఇఖామా, అదే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్టు, అయిపోయి ఊరెళ్ళిపోయాడు. నా చదువూ పదితో ఆగింది.

మొన్న రంజాన్ ముందు ఒక కువైటీ ఆవిడ పట్టు గౌనుకి చేతులు పొట్టిగా కత్తిరించేశాను. గుడ్డే చాలలేదని చెప్పెయ్యమని మా ఓనరు చెవిలో ఊదాడు. ఆవిడ లోపలికి వచ్చింది. నేనే ఎదురెళ్ళి, కొలత తప్పు పెట్టింది నేనేనని చెప్పాను. పావుగంట తిట్టింది. తల వంచుకుని విన్నాను. ఆవిడ వెళ్ళాక హమ్మయ్య అనుకుని టిఫిన్ డబ్బా తెరిచి, అడుగున ఉన్న చారు కూడా వదలకుండా అన్నం మొత్తం తినేశాను.