పంటు మీద కారు, నా చేతిలో కాగితం

మలయాలో మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, ఇంకా కొన్ని నెలలుందనగా టాక్సీలో తెలుక్ ఆన్సన్ అనే ఊరికి వెళ్తున్నాను. అడవుల్లోని కమ్యూనిస్టు గెరిల్లాల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ తనిఖీలు రెండు దాటాక నది అడ్డొచ్చింది. వంతెన లేదు, కార్లను పంటు మీద దాటిస్తున్నారు. డ్రైవరు అప్పన్న మలయాలోనే పుట్టాడు. మాట మా విజయనగరం వైపుదే, చివర మలాయి 'లాహ్' మాత్రం తగిలిస్తాడు.

ఎండకి జడిసి నేను సీట్లోంచి కదల్లేదు. అప్పన్న నాలుగు తలుపులూ బార్లా తీసి, ఇన్సూరెన్స్ కాగితం నా చేతిలో పెట్టాడు.

"బాబూ, ఇది పట్టుకుని ఆ సిన్న పడవలో ముందెల్లండి. కారూ కాయితం ఒక్క పడవెక్కకూడదు. రెండూ మునిగిపోతే రేపు నానేటి సూపించాల?"

గర్వంగా పడవెక్కాను. నది మధ్యలో ఊసుపోక ఆ ఇంగ్లీషు కాగితం చదివాను. బీమా రోడ్డు మీద ఉన్నంతవరకేనట, నీళ్ళ మీద చెల్లదట! వెనక పంటు ఊగుతోంది. అప్పన్న ఒక కాలితో బ్రేకు తొక్కిపట్టి, రెండో కాలు కారు బయట పెట్టుకుని కూర్చున్నాడు.

పంటు ఒడ్డుకి తగలగానే పరుగున వెళ్ళి చెప్పాను. అతను పకపకా నవ్వాడు.

"తెలుసు బాబూ, ఎప్పుడో సదివించుకున్నాను. పెమాదం, దిగండి అంటే పెద్దోళ్ళు దిగరు లాహ్. కాయితం సేతికిస్తే దిగుతారు."

అప్పుడు చూశాను, ఆ కాగితం మడతలన్నీ చిరిగిపోయి ఉన్నాయి. నాకు ముందు ఎంతమంది పెద్దమనుషులు దాన్ని గుండెకి హత్తుకుని నది దాటారో!