కత్తిని కాదు, మనిషిని

మా బాపు అబిడ్స్‌లో ఒక సినిమా హాల్లో ముప్పై ఏళ్ళు ప్రొజెక్టర్ ఆపరేటరుగా పనిచేశాడు. ఇప్పుడా హాలు లేదు, ఆ చోట బట్టల షోరూం ఉంది. ఆదివారం ఉదయం ఆటకు పాత జానపద చిత్రాలు వేసేవాళ్ళు. ఆపరేటరు గదిలో, వేడికి కాలిపోతున్న ప్రొజెక్టరు పక్కన స్టూలెక్కి, గోడలోని చిన్న కిటికీలోంచి నేను వాటిని ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. కథతో నాకు పని లేదు. రాజకుమారి తోటలో పాట మొదలుపెడితే విసుగొచ్చి అటు తిరిగి కూర్చునేదాన్ని. కోట మెట్ల మీద కథానాయకుడు ఎడమ చెయ్యి నడుముకు ఆనించి, నవ్వుతూ నలుగురితో కత్తి తిప్పుతుంటే మాత్రం రెప్ప వేసేదాన్ని కాదు.

పైన రెండు, కింద రెండు, ఒక చుట్టు, మళ్ళీ పైన రెండు. ఆ వరస నాకు చెప్పింది బాపే.

"గది కొట్లాట గాదు బిడ్డా, డాన్సు. కత్తిని కత్తికే కొడ్తరు. మనిషికి తాకిందనుకో, ఆ రోజు షూటింగు బందే," అనేవాడు.

నేను ఆ మాట వేదంలా పట్టుకున్నాను. ఇంట్లో చపాతీ కర్ర పట్టుకుని గాలిలోని శత్రువు కత్తిని నరుకుతూ పెరిగాను. పెరిగి ఏమయ్యాను? నాంపల్లిలో ఒక ఆఫీసు రికార్డు సెక్షన్‌లో గుమస్తానయ్యాను. బడిలో ఖోఖో జట్టు మొదలుకొని ఆఫీసు క్యారమ్స్ పోటీ దాకా నన్నెవరూ దేనికీ ఎంచుకోలేదు. పోనీలే అనుకునేదాన్ని. పైకి అలా అనేదాన్ని గానీ లోపల మండిపోయేది.

నలభై ఎనిమిదో ఏట, మెట్రో దిగి ఆఫీసుకు నడిచే దారిలో ఒక గేటుకు కట్టిన బ్యానరు చూశాను. కత్తి ఆట, ఫెన్సింగ్ నేర్పుతాం, వయసుతో పని లేదు అని ఉంది. ఆ సాయంత్రమే వెళ్ళి చేరాను. మర్నాడు సెక్షన్‌లో చెబితే ఒకాయన, "ఏం మేడం, రాకుమారి పార్టా, సేనాపతి పార్టా?" అన్నాడు. "మీ పని పట్టే పార్టు," అన్నాను. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

క్లాసులో అందరూ పిల్లలే. మొదటిరోజు పధ్నాలుగేళ్ళ అమ్మాయితో ఆడించారు. కత్తి మొనకు చిన్న మీట ఉంటుంది. అది ఎదుటిమనిషి ఒంటికి ఎక్కడ నొక్కుకున్నా, కత్తి పిడికి తగిలించిన వైరు ద్వారా మన వైపు దీపం వెలుగుతుంది, ఒక పాయింటు. నేను ఆ పిల్ల కత్తిని ఠంగు ఠంగున వాయించాను. ఎంత ముచ్చటగా వాయించానో! ఆ పిల్ల తాపీగా నా భుజం మీద, మోచేతి మీద, మోకాలి మీద పొడుస్తూ పోయింది. ఐదు సున్నా.

కోచ్‌కి పాతికేళ్ళుంటాయేమో. నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పింది. "ఆంటీ, మీరు కత్తితోని కొట్లాడుతున్నరు. మనిషి గీడున్నది."

"ముందు ఆంటీ అనుడు బంద్ చెయ్యి," అన్నాను. కోపం ఆమె మీద కాదు. నలభై ఏళ్ళుగా తప్పు నేర్చుకున్నానే అని నా మీద నాకే.

ఆ అలవాటు వదలడానికి రెండేళ్ళు పట్టింది. కత్తి కనబడితే చెయ్యి అటే పోయేది. రోజూ ఆఫీసు కాగానే వెళ్ళి, గోడకు వేలాడదీసిన పాత పరుపు మీద వంద పోట్లు పొడిచాను. నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజుల్లో రోడ్డంతా జనమే అయినా, తోసుకుంటూ వెళ్ళాను. మోకాలు వాచింది, పట్టీ కట్టుకుని వెళ్ళాను. ఒకసారి నా ఆట ఫోన్లో బాపుకు చూపిస్తే శ్రద్ధగా చూసి, "చప్పుడేది బిడ్డా?" అన్నాడు. నిజమే, బాగా ఆడితే అంత చప్పుడు ఉండదు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో ఆయనకు అర్థం కాలేదు.

ఈ ఏడాది నలభై దాటిన ఆడవాళ్ళకు రాష్ట్ర పోటీలు పెట్టారు. మా జిల్లా నుంచి ఒక్కరినే పంపిస్తారు. మిగిలింది ఇద్దరం, నేనూ, చాదర్‌ఘాట్ నుంచి వచ్చిన లెక్కల టీచరమ్మా. ముందు ఎవరికి పది పాయింట్లొస్తే వాళ్ళే వెళ్ళాలి. ఆ ఒక్క చోటు నాకు కావాలి. మొహమాటం లేకుండా, ఆకలిగా కావాలి.

మా వంతు వచ్చేదాకా ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆమె కూడా ఆ సినిమాల పిచ్చిదే. కథానాయకుడు కొవ్వొత్తిని కోస్తే అది పడకుండా ఎట్లా నిలబడుతుందో చేతులతో చేసి చూపించింది. నవ్వుకున్నాం. ఆమె నాకు నచ్చింది, అదొక తంటా.

తొమ్మిది తొమ్మిది దాకా వచ్చాం. చెమటతో నా కళ్ళు మండుతున్నాయి. ఇద్దరం ఒకేసారి ముందుకు దూకాం, కత్తులు తగిలాయి, ఆమె కత్తి చేతిలోంచి జారి వైరుకు వేలాడింది. ఆమె దాన్ని అందుకోలేదు, వెనక్కి జరగలేదు. ఖాళీ చెయ్యి పక్కకు చాపి అలాగే నిలబడింది.

ఎందుకో నాకు తెలుసు. మా సినిమాల్లో శత్రువు కత్తి జారితే కథానాయకుడు ఆగుతాడు. ఆ కత్తిని కాలితో ఎగరేసి, తీసుకో అని నవ్వుతాడు. హాలంతా ఈలలు. ఆపరేటరు గదిలోంచి నేనూ ఈల వేసినదాన్నే. ఆమె వట్టి చేత్తో నిలబడి నా నుంచి దానికే ఎదురుచూస్తోంది. నా చెయ్యి నిజంగానే కిందికి దిగబోయింది.

రిఫరీ ఇంకా ఆపమనలేదు. ఆపమనేదాకా ఆట నడుస్తున్నట్టే.

చెయ్యి చాపి ఆమె గుండె మీద పొడిచాను. నా వైపు దీపం వెలిగింది.

మాస్కులు తీశాం. ఆట అయ్యాక చెయ్యి కలపాలి, అది నియమం. ఆమె కలిపింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"మీరు ఆగుతరనుకున్న," అంది.

"నేను గూడ గట్లనే అనుకున్న," అన్నాను.