తుడిచేసిన టీకా

రెండో తరగతితో నేను బడి మానేశాను. ఆ వార్త విని మూడో తరగతి పంతులు కొబ్బరికాయ కొట్టాడని మా ఊళ్ళో చెప్పుకునేవారు. ఇందులో తప్పులుంటే ఆయన్ని తిట్టండి. నన్ను తిట్టి లాభం లేదు. నా మొహం జల్లెడ, తిట్లు నిలవవు.

చెరుకు తోటల్లో ఐదేళ్ళ కూలికి గిర్మిట్ కాగితం రాసి ఫిజీ వచ్చాం. ఓడ దిగిన నాలుగో రోజు మొదలైంది ఇదంతా. సువా ఊరు కంటికి ఆనేంత దూరంలో, చిన్న దీవి మీద మమ్మల్ని క్వారంటీన్‌లో పెట్టారు. నేను, నా భార్య నర్సి, ఐదేళ్ళ మా కూతురు పైడి. పొద్దున్న గంజికి పిలిచినా పక్క చాప మీది అప్పన్న లేవలేదు. "గిర్మిట్ రాసుకున్నది పనికిరా, నిద్రకి కాదు" అని కాలితో తట్టాను. వాడి ఒళ్ళు పెనంలా ఉంది. నుదుటి మీద ఆవాలు చల్లినట్టు పొక్కులు.

డాక్టరు దొర చూసి "స్మాల్ పాక్స్" అన్నాడు. కంపౌండరు మదరాసు మనిషి, తెలుగు వచ్చినవాడే. అయినా ఆ మాట మాకు విప్పి చెప్పలేదు. అప్పటికే ఆడవాళ్ళు అమ్మవారికి చెంపలు వేసుకుంటున్నారు.

ఇక్కడ నా ఘనకార్యం చెప్పాలి. ఓడ ఎక్కేముందు మదరాసు డిపోలో అందరికీ టీకా గీశారు. ఆవు చీము ఒంట్లోకి ఎక్కిస్తే అమ్మవారికి కోపం వస్తుందని మా వాళ్ళ భయం. నాకు భయం కంటే వేళాకోళం ఎక్కువ. అక్కడి కంపౌండరు అటు తిరగగానే తడిగుడ్డకి బూడిద అద్ది చెయ్యి తుడిచేసుకున్నాను. పైడి చెయ్యీ తుడిచాను. ఎలా తుడవాలో వరసలో వాళ్ళకి ఆడి చూపించాను. అందరూ పడి పడి నవ్వారు. కొందరు తుడుచుకున్నారు కూడా.

నర్సి నవ్వలేదు. "తుడవకు మావా. ఇంత దూరం తీసుకెల్తన్నోడు ఊరికే గీత్తాడేటి?" అంది. తన చెయ్యి చీర చెంగుకైనా తగలనివ్వలేదు.

దీవిలో డాక్టరు అందరి చేతులూ చూశాడు. నర్సి మచ్చ చూసి తల ఊపాడు. నా దగ్గరా, పైడి దగ్గరా "నాట్ టేకెన్" అన్నాడు, టీకా పట్టలేదని. మళ్ళీ వెయ్యాలి, రోగి పక్కన పడుకున్నవాళ్ళకి మూడు నాలుగు రోజుల్లో వేస్తేనే కాపు కాస్తుంది, అని కంపౌండరు చెప్పాడు.

లింఫ్, అదే టీకా మందు, ఉన్నది ఒక్క పెట్టె. సన్నటి గాజు గొట్టాలు. ముందు ఓడ దొరలకి వేశారు. తర్వాత దీవిలో ఉండే దొరల ఇళ్ళవాళ్ళకి. మా దగ్గరికి వచ్చేసరికి కంపౌండరు అడుగున చెయ్యి పెట్టి తడుముతున్నాడు.

"గిర్మిట్ రాసినవాళ్ళే రండి. పిల్లలకి వచ్చే స్టీమర్‌లో వస్తుంది."

"స్టీమర్ ఎప్పుడండీ?"

"దాన్నే అడుగు."

"నాది మా పిల్లకి వేసెయ్యండి బాబూ. నాకు అమ్మవారొచ్చినా కొత్తగా చెడిపోయే అందం ఏమీ లేదు."

ఆయన నవ్వలేదు. "నీ చెయ్యి నీదనుకుంటున్నావా? చెరుకు తోటకి రాసిచ్చిన చెయ్యి అది. వద్దనడానికి లేదు, ఇంకొకరికి ఇవ్వడానికీ లేదు."

అప్పుడు ఆడవాళ్ళు టీకాలు వేసే గుడారం ముందు ఇసకలో కూర్చున్నారు. "ముందు పిల్లల సేతులు పట్టుకోండి, తరవాతే మావి" అని ఒకటే అరుపు. మగవాళ్ళం వెనక నిలబడ్డాం. డాక్టరు ఏదో అన్నాడు. వంటపాకకి తాళం పడింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పిల్లలు ఆకలికి ఏడవడం మొదలుపెట్టారు. ఏ పిల్లల కోసం కూర్చున్నారో ఆ పిల్లల ఏడుపే తల్లుల్ని లేపింది. ఒక్కొక్కళ్ళూ లేచి చేతులు చాపారు.

నా చెయ్యీ గీశారు. గుడారం వెనక్కి పరిగెత్తాను. పైడి చేతిని పిన్నీసుతో గీరి, నా చెయ్యి దాని చేతికి రుద్దాను.

"ఏటి సేత్తన్నావయ్యా?" అంది పైడి.

"కుస్తీ. ఎవరి చెయ్యి గెలుస్తుందో చూద్దాం."

అది పళ్ళు బిగించి తోసింది. నేనే గెలిచానని అరిచింది కూడా. కానీ ఆ ఎండకి గీత ఎప్పుడో ఎండిపోయిందో, ఉన్న కాస్తా నేనే రాసి పారేశానో. దాని చేతికీ పట్టలేదు, నా చేతికీ పట్టలేదు.

తర్వాతి వారంలో ముందు దానికి ఫీవర్ వచ్చింది, రెండు రోజులకి నాకు. దీవి చివర ఐసొలేషన్ పాక. మచ్చ ఉంది కనుక నర్సిని మా దగ్గర ఉండనిచ్చారు. పొక్కులు నిండాక నా కళ్ళు మూసుకుపోయాయి. అక్కడ వేపాకు లేదు. నర్సి కొబ్బరాకుతో విసిరేది, కాసేపు పైడికి, కాసేపు నాకు. గాలి నా మీదికి రానప్పుడు దాని మీద ఉందని తెలిసేది. అది మూలిగితే "ఓడిపోయావటే?" అనేవాణ్ణి. "నేదు" అనేది.

ఒక పొద్దున్న గాలి నా మీదే ఉంది. ఆగలేదు. చాలాసేపు అలాగే వచ్చింది.

పైడిని అక్కడే ఇసకలో పెట్టారు. నాకు పొక్కులు పక్కులు కట్టి రాలిపోయాయి. "యు ఆర్ లక్కీ" అన్నాడు డాక్టరు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. స్టీమర్ ఆ తర్వాత వచ్చింది. మిగిలిన పిల్లలందరికీ టీకాలు గీస్తుంటే దీవంతా ఏడుపే. అంత చక్కటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

గిర్మిట్ తీరి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు లంబాసా దగ్గర మాకు కొంచెం చెరుకు చేను ఉంది. డిపోలో నేను తుడిచిన సంగతి నర్సి ఇంతవరకూ ఎత్తలేదు. తప్పులో నా వంతు నేను మోస్తాను. పెట్టె మూత తీసినవాళ్ళ వంతు వాళ్ళెవరైనా మోస్తున్నారో లేదో తెలియదు. ఇది చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. పెట్టె మూత తీస్తున్నప్పుడే మీ పిల్లల్ని ముందు నిలబెట్టండి, అడుగు కనబడేదాకా ఆగకండి. గీశాక దానంతట అది ఆరేదాకా గుడ్డ తగలనివ్వకండి.

మొన్న మా చేను పక్కన కూలీలుండే లైన్ల దగ్గరికి టీకాల మనిషి వచ్చాడు. జనానికి నచ్చజెప్పడానికి నన్ను పిలిచారు, నా మొహం కంటే మంచి బొమ్మ దొరకదని. ఒక కుర్రతల్లి తన పిల్ల చెయ్యి తుడవబోతోంది. నర్సి గబుక్కున వెళ్ళి ఆ పసిచెయ్యి పట్టుకుంది. "తుడువమ్మా, తుడువు. పెద్దయ్యాక నాలాంటి అందగాడే దొరుకుతాడు" అన్నాను. అందరూ నవ్వారు.

ఆ తల్లి నా మొహంలోకి చూసి అంది, "మరి నీకు తుడవొద్దని సెప్పినోళ్ళు అప్పుడెవరూ లేరేటి, తాతా?"