జీడి తిన్న వేలిముద్రలు

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్త. నర్సీపట్నం దగ్గర ఒక జీడిపిక్కల ఫ్యాక్టరీలో హాజరు మెషీన్ పెట్టే పని మా కంపెనీకి వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో అడిగి రాసుకు రమ్మని నన్ను పంపారు. "వేలు పెడితే హాజరు పడాలి. పడకపోతే ఆ రోజు పనికి రానట్టే" అన్నారు యజమాని. ఏసీ గదిలో కూర్చుని అదే రాసుకొచ్చాను.

వేలిముద్రలు నమోదు చేసే రోజు ముందుగా పిక్కలు కొట్టే నరసమ్మగారు వేలు పెట్టింది. ఎర్రలైటు వెలిగింది. ఆమె వెనకాల వాళ్లకీ అంతే.

"చేతులు శుభ్రంగా కడుక్కుని రండి!" మా మేనేజర్ కసిరాడు.

నరసమ్మగారు నల్లబడ్డ వేళ్లు నా ముందు చాపింది. "కడిగితే వత్తాయేటమ్మా? ఇరవయ్యేళ్లుగా పిక్కలు కొడతన్నాం. జీడి సొనకి వేళ్లు కాలి ముద్రలెప్పుడో పోనాయి. మమ్మల్ని ముందే ఓ పాలి అడగలేకపోనావా?"

నాకు తల కొట్టేసినట్టయింది.

"రాసిందే చేశాం. పని పూర్తయినట్టు యజమానితో సంతకం పెట్టించెయ్" అన్నాడు మేనేజర్ నా చెవిలో.

నేను అందరికీ వినబడేలా చెప్పాను. "రాసింది నేనే, తప్పూ నాదే. మెషీన్ ఏం చేయాలో రాశాను, ఎవరి చేతులకు పనిచేయాలో రాయలేదు. అది కూడా రాయాల్సిందే. సరిచేసేదాకా సంతకం అడగను."

"ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి."

పోలేదు. మెడలో కార్డు చూపిస్తే హాజరు పడేలా మార్చాం.

ఇప్పటికీ ఏ పని ఒప్పుకున్నా ముందు వాడేవాళ్ల చేతులు చూస్తాను. ఆఫీసులో నవ్వుతారు. నవ్వనీ.