చపాతీ పిండి మీద తుపాకీ పరీక్ష

నేను పిల్లల బొమ్మలు డిజైన్ చేస్తాను. ఫోమ్ తూటాలు పేల్చే బొమ్మ తుపాకీలో, తగిలినా నొప్పి పుట్టని కొత్త మోడల్ ఒకటి చేశాను. రేపు బేగంబజార్‌లో హోల్‌సేల్ సేఠ్‌కి చూపించాలి. దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందో చూద్దామని, ఈ రోజు అత్తమ్మ తడిపి పెట్టిన చపాతీ పిండి మీద పేల్చాను. ముందు పాత తుపాకీతో కొట్టాను. కొత్తదానికి స్ప్రింగ్ బిగించేసరికి గంట పట్టింది. తీరా కొడితే దాని గుంతే లోతుగా పడింది! మూడు నెలల కష్టం మట్టిపాలే అనుకున్నాను.

అంతలో అత్తమ్మ వచ్చింది. "నా పిండిల గీ గుంతలేందే?"

సంగతి చెప్పాను. ఆమె ముద్దను వేలితో నొక్కి చూసింది.

"తుపాకి మంచిగనే ఉన్నది. గంటసేపు నానితే పిండి మెత్తగ కాదా? గింత సదువుకున్నవ్, గది గూడ ఎర్కలేదా?"

కొత్తగా పిండి తడిపి, రెండు తుపాకులూ వెంటవెంటనే పేల్చాను. ఈసారి కొత్తదాని గుంత పాతదాంట్లో సగం కూడా లేదు.

ఇందాక తింటూ మా ఆయన, "ఇయ్యాల చపాతీలు మస్తు మెత్తగున్నయ్" అన్నాడు. అత్తమ్మా నేనూ తలవంచుకుని తిన్నాం. మీరైతే చెప్పేవారా?